ఎనిమిదో మోటారు

ముందు శబ్దం వినిపించింది. కాలువ గట్టు దిగుతుండగా, ఇళ్లు ఇంకా కనిపించక ముందే. ఏదో పెద్ద జంతువు నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు లోతైన ఒక గుర్రు, ఐదారు సెకన్లకోసారి దాని చివర ఒక బుస. దాని కింద, ఇంకా చిన్నగా, కుట్టుమిషను టకటక. రెండు శబ్దాలూ ఒకదాని చిటికెనవేలు ఒకటి పట్టుకుని నడుస్తున్నట్టున్నాయి. బుస కాస్త ఆలస్యమైతే టకటక కూడా ఆగి వింటుంది. బుస వచ్చాక మళ్లీ కదులుతుంది.

మానుకోట జిల్లాలో మరిపెడ దాటి లోపలికి పోతే బూరుగుమళ్ల వస్తుంది. ఊరంతా కాలువకు అవతలి దరిన ఉంది. ఇవతల, పొలాల నడుమ, చొక్కా నుంచి తెగిపడి ఎవరూ వెతకని గుండీల్లా ఐదు ఇళ్లు. నాలుగో ఇంటి గడపలో, వెలుతురు పడేచోట, సఫియా బేగం కుట్టుమిషను వేసుకుని కూర్చుంది. యాభై రెండేళ్ల మనిషి. పెదవుల మధ్య సూది. చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా ఎగదోపి ఉన్నాయి, లేచి పరుగెత్తడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉన్నట్టు. పాదాల మీద ఎండిన బురద. దర్జీ పని చేసే మనిషి పాదాలకు పొలం బురద ఎందుకుందో నాకు అప్పుడు తెలియలేదు.

సూది తీసి జాకెట్ గుడ్డకు గుచ్చి అంది:

"లోపలికి రండ్రి అన్నా. గా సప్పుడుకు భయపడకుండ్రి. గది మా ఆయన ఊపిరే. జర పెద్దగ తీస్తడు."

లోపల మంచం మీద ఖదీర్. ముక్కు దగ్గర సన్నటి గొట్టం, ఆ గొట్టం రెండో కొసన నీళ్ల క్యాన్ అంత ఎత్తున్న తెల్లటి ఆక్సిజన్ మిషను. గాలిలోంచి ప్రాణవాయువును వడగట్టి ఇతనికి అందిస్తుంది. ఖదీర్ ఇరవై రెండేళ్లు గ్రానైట్ రాళ్లు నున్నగా చేసే పనికి పోయాడు. ఎక్కడెక్కడో ఎవరెవరి ఇళ్లలోనో నేలలు అద్దాల్లా మెరుస్తున్నాయి. ఆ మెరుపు లోంచి రాలిన పొడి మాత్రం ఇతని ఛాతీలో దిగి గట్టిపడింది. మనిషి సగమయ్యాడు. కళ్లు మాత్రం ఇంకా ఎవరినో ఆట పట్టించాలని చూస్తుంటాయి.

"నేను గూడ మోటారే అన్నా," అన్నాడు, మాటకూ మాటకూ మధ్య గాలి కోసం ఆగుతూ. "ఆన్... ఆఫ్... ఈమె చేతిలనే ఉంటది."

"మోటారైతే నయముండు," అంది సఫియా. "మోటారు గంటకోసారి చాయి అడగదు."

గోడ మీద కరెంటు మీటరు. దాని కింద దర్జీ సుద్దతో గీసిన అడ్డగీతలు, నీలంవి కొన్ని, గులాబీవి కొన్ని. మూడేళ్ల కింద పెద్ద దవాఖానలో డాక్టరు చెప్పాడు: రోజుకు పదహారు గంటలు మిషను పెట్టాలి, అంతకు తగ్గితే గుండె మీద పడుతుంది. నెలకు రెండు వందల యూనిట్ల లోపు కాలిస్తే ఇంటికి బిల్లు సున్నా. ఒక్క యూనిట్ దాటినా మొత్తం బిల్లు నెత్తిన పడుతుంది. మిషను పదహారు గంటలు నడిస్తే నెలకు నూట అరవై. మిగిలిన నలభైలో ఇద్దరు మనుషులు బతకాలి. ఫ్రిజ్ అమ్మేసింది. ఒక్క ఫ్యాను, అది కూడా ఖదీర్ మీదికే. కుట్టుమిషనుకు బిగించిన చిన్న మోటారు విప్పి అటక మీద పడేసి, కాళ్లతో తొక్కడం మళ్లీ మొదలుపెట్టింది. ప్రతి సాయంత్రం మీటరు చూసి ఒక సుద్ద గీత. గీతలు మూల దగ్గరికి చేరే కొద్దీ ఇంట్లో చీకటి పెరిగేది.

"నెల ఆఖరు నాలుగు దినాలు గుడ్డిదీపం పెట్టుకున్నం. అమాసొచ్చిందనుకోండ్రి," అంది, నవ్వి.

అదంతా మంచి రోజుల సంగతి. అప్పటికి భయం ఒక్క మీటరంటేనే.

అసలు భయం ఇంటి వెనక, రెండు స్తంభాల మీద కూర్చుని ఉంటుంది. ఈ ఐదు ఇళ్లకు కరెంటు ఊరి లైను నుంచి రాదు. పొలాల కోసం పెట్టిన పాత ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వస్తుంది. దాని మీద పద్నాలుగు బోరు మోటార్లున్నాయి. ప్రతి మోటారు డబ్బాలో అరచేయంత ఇంకో డబ్బా ఉండేది, ఆటో స్టార్టర్. కరెంటు పోతే మోటారు ఆగుతుంది. మళ్లీ వచ్చినప్పుడు ఎవరో ఒకరు పొలానికి పోయి పచ్చ బటన్ ఒత్తాలి. ఆటో స్టార్టర్ ఉంటే ఎవరూ పోనక్కర్లేదు, మోటారు తనంతట తానే లేస్తుంది. రైతు ఇంట్లో నిద్రపోవచ్చు. కానీ పద్నాలుగు డబ్బాలూ ఒకే క్షణంలో పద్నాలుగు మోటార్లను లేపుతాయి. లేచేటప్పుడు మోటారు ఆకలి నడిచేటప్పటికంటే ఎన్నో రెట్లు. పద్నాలుగు చేతులు ఒకే గిన్నెలో పడ్డట్టు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది.

కాలిపోతే రైతులే దాన్ని దింపి, ట్రాక్టరులో వేసుకుని, మరమ్మతు షెడ్డుకు తీసుకుపోతారు. అక్కడ ఇంకెన్ని ఊళ్లవో వరుసలో ఉంటాయి. మూడు రోజులు, నాలుగు రోజులు. బాగుపడి వచ్చాక పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి పైకెక్కిస్తారు. సఫియా ఇంటికి కూడా ఒక కొబ్బరి చెక్క వచ్చేది. ఆ నాలుగు రోజులూ ఖదీర్ ఎట్లా ఊపిరి తీశాడని కొబ్బరి చెక్క తెచ్చినవాళ్లెవరూ అడగలేదు. తెలియక కాదు, అడిగితే ఏం చెప్పాలో తెలియక.

ఇంట్లో ఒక చిన్న ఆక్సిజన్ సిలిండర్ ఉంది. పొదుపుగా వాడితే అర్ధరోజు వస్తుంది. నింపించాలంటే మానుకోట పోవాలి, పోయి వచ్చేదాకా ఖదీర్ ఒక్కడే. ఇన్వర్టర్ కొనుక్కోమన్నారు, దాని ధర ఆమె ఏడాది కుట్టుకూలి. ఊళ్లోకి మారమన్నారు. మారడానికి ఊళ్లో ఇల్లు చూసింది కూడా. ఇంటామె మిషను మోత ఒక పూట విని, మా పిల్లలకు నిద్ర పట్టదమ్మా అని మెల్లగా చెప్పింది.

గత ఏడాది వానాకాలం మొదట్లో ఒక్క నెలలో రెండుసార్లు ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. రెండోసారి కొబ్బరి చెక్క తీసుకోకుండా సఫియా పొలాలకు బయల్దేరింది. ఒక్కొక్క రైతు దగ్గరికీ పోయి ఆటో స్టార్టర్ తీసేయమని అడిగింది.

"నేను తీస్త అక్కా, పక్కోడు తియ్యాలె గద," అన్నాడు మొదటివాడు. పక్కవాడూ అదే అన్నాడు. పద్నాలుగో మనిషి దాకా అదే మాట నడుచుకుంటూ పోయి, మళ్లీ మొదటివాడి దగ్గరికే చేరింది.

మూడో రోజు అందరూ కాలిన ట్రాన్స్‌ఫార్మర్ కింద కూడినప్పుడు సఫియా పోయి నిలబడింది.

"అందరియి తీసి నాకియ్యండ్రి. నాకాడనే ఉంటయి. కరెంటు వచ్చినప్పుడల్లా పద్నాలుగు మోటార్ల బటన్లు నేనే ఒత్తుత. ఒకటెనక ఒకటి. మీరెవ్వరు రాకుండ్రి."

నవ్వులు లేచాయి.

"జాకెట్లు కుట్టుడు బంద్ జేస్తవా సఫియక్క?" అన్నాడొకడు.

"బాయిలకాడ పాములుంటయి బిడ్డా," అన్నాడు కట్టయ్య. అందరిలోకి పెద్దవాడు, ఆయన పొలం అందరికంటే దూరం.

"మీరు పోతలేరా బాపు? మీకు లేని పాములు నాకే ఉన్నయా?"

తండా నుంచి వచ్చి ఇక్కడ కౌలు చేసే టీక్యా గోచీ సవరించుకుంటూ అన్నాడు: "అక్కా, నా మోటారు మొండిది. మా ఇంటిదాని లెక్క. ఒక్కసారి పిలిస్తే లేవది."

"నీ లెక్కటోడు పిలిస్తే నేను గూడ లేవ," అంది సఫియా. "నేను పిలుస్త, చూడు."

ఆ నవ్వులోనే పని జరిగిపోయింది. రెండు రోజుల్లో పద్నాలుగు డబ్బాలు ఆమె ఇంటికి చేరాయి. ఆమెకు అంకెలు తప్ప చదువు రాదు. ఎవరిది ఏదో గుర్తుండాలని ఒక్కో డబ్బాను ఆ రైతు భార్య జాకెట్ కుట్టగా మిగిలిన ముక్కలో చుట్టింది. ఊళ్లో ఏ ఆడమనిషి ఏ రంగు తొడుగుతుందో ఆమె చేతులకు తెలుసు. టీక్యా భార్యది అద్దాలు కుట్టిన ఎరుపు. కట్టయ్య భార్య యాదమ్మది ఆకుపచ్చ మీద పసుపు చుక్కలు. ఆమె చనిపోయి నాలుగేళ్లు. ఆఖరి జాకెట్ ముక్క సఫియా పెట్టెలో ఇంకా ఉంది. అన్నిటినీ ఒక సంచిలో వేసి మేకుకు తగిలించింది. పద్నాలుగు పొలాల నిద్ర ఆ సంచిలో వేలాడింది.

కరెంటు వస్తే ముందు ఖదీర్ మిషను ఆన్ చేసేది. సిలిండర్ మూసేది. గొట్టం మార్చేది. అతని వేలికి పెట్టే క్లిప్పు మీద ఆక్సిజన్ అంకె తొంభై దగ్గరికి రాగానే చెప్పులేసుకుని బయటపడేది. టీక్యా మోటారు మొదటిది, కట్టయ్యది చివరిది. గట్ల మీద నడుస్తూ, ముళ్లకంప దాటుతూ, ఒక్కో డబ్బా తెరిచి పచ్చ బటన్ ఒత్తేది. నీళ్లు గొట్టంలోకి ఎక్కే గలగల వినపడ్డాకే ముందుకు అడుగు. గంట పైనే పట్టేది. ఏ మోటారు దగ్గుతుందో, ఏది గునుస్తుందో నెల తిరిగేసరికి ఆమెకు వచ్చేసింది. నీ మోటారుకు గాలి పట్టింది చూసుకో అని రైతుకే చెప్పేది. చినుకుల్లో నెత్తిన గోనెపట్టా, ఎండలో చీర కొంగు. రోజుకు రెండుసార్లు, ఒక్కోరోజు ఐదుసార్లు.

ఎనిమిది నెలలు. ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కసారి కూడా కాలలేదు.

ఆ ఎనిమిది నెలల గురించి చెప్పేటప్పుడు సఫియా వెన్ను నిటారుగా అయింది. "గా యాసంగి నాట్లప్పుడు నీళ్లల్ల నా నీడను నేనే చూసుకున్నా అన్నా. పద్నాలుగు మడులల్ల పద్నాలుగు సఫియాలు."

కానీ మనిషి కాళ్ల మీద ఎన్నాళ్లు? ఊరివాళ్లతో కలిసి సోమవారం అర్జీ పట్టుకుని కలెక్టరు ఆఫీసుకు పోయింది. ఇళ్లకు వేరే లైను, వేరే ట్రాన్స్‌ఫార్మర్ కావాలని. ఊరంతటికీ పాత తీగలు మార్చే పని అప్పటికే మంజూరై ఉందట. స్తంభాలు వచ్చి కాలువ గట్టు మీద పడ్డాయి. వాటి మీద మేకలు ఎండకు కూర్చున్నాయి, పిల్లలు రైలు ఆడారు. వాటి పక్కనుంచి పోయినప్పుడల్లా సఫియా ఒక్కోదాన్ని చేత్తో తట్టి పోయేది, పశువును తట్టినట్టు.

ఈ ఏడాది మార్చిలో పని మొదలైంది. వరి గింజ పాలు పోసుకునే రోజులు. స్తంభాలు నిలపాలంటే, తీగ లాగాలంటే, లైన్లో కరెంటు ఆపాలి. లైన్‌మన్లు దాన్ని ఎల్‌సీ తీసుకోవడం అంటారు. లైన్‌మన్ హన్మంత్ ఇంటికి వచ్చి చెప్పి మరీ పోయాడు.

"అక్కా, మూడు దినాలు ఎల్‌సీ ఉంటది. పొద్దుగాల తొమ్మిదింటి సంది పన్నెండు దాక. అన్న పైలం, జర చూసుకో."

"పన్నెండు దాటది గద హన్మంత్?"

"దాటది అక్కా."

తను కోరుకున్న కరెంటు కోసం తన ఇంటి కరెంటు ఆగడం ఆమెకు వింతగా తోచలేదు. ఆ వారమే ఖదీర్‌కు దగ్గు పట్టింది. మిషను లేకుండా అరగంట కూడా ఉండలేకపోతున్నాడు. మూడు రోజులకు మూడేసి గంటలు. సిలిండర్ సరిపోతుంది, కాస్త మిగులుతుంది కూడా. వేళ్లు మడిచి చూసుకుంది.

మొదటి రోజు పన్నెండుకు వచ్చింది. రెండో రోజు పన్నెండుంపావుకు. మూడో రోజు కాలువ దాటే చోట తీగ ఎక్కడో చిక్కుకుంది. పన్నెండు అయింది. ఒంటిగంట అయింది. రెండుకు సిలిండర్ ముల్లు ఎర్రగీతలోకి దిగింది. పొలాల దగ్గర రైతులు నీళ్ల కోసం కూర్చున్నారు, మూడు రోజులుగా మళ్లు సగమే తడిశాయి. ఇంట్లో సఫియా తాటాకు విసనకర్రతో విసురుతూ కూర్చుంది. మూడున్నరకు సిలిండర్‌లో గాలి అయిపోయింది.

నాలుగుకు కరెంటు వచ్చింది.

మిషను ఆన్ చేసింది. క్లిప్పు మీద డెబ్బై రెండు. ఖదీర్ పెదవులు నేరేడు పండ్లలా ఉన్నాయి. ఆమె లేచి చెప్పుల వైపు తిరిగింది. అతను ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"'నక్కో జా' అన్నడు. పోవద్దన్నడు. ముప్పై ఏండ్ల కాపురంల నన్ను ఎన్నడు పోవద్దన్లేదన్నా గీ మనిషి. నూరు లెక్కపెట్టి పోదామనుకున్న. నూరు అయింది, అంకె డెబ్బై నాలుగే. ఇంకో నూరు. గట్ల ఆరు నూర్లు. ఎనభైకి వచ్చినంక పోదామనుకున్న. ఏడో నూరు నడిమిట్ల..."

కత్తెర అందుకుని లేని దారాన్ని కత్తిరించింది.

పొలాల దగ్గర పద్నాలుగు మంది మోటారు డబ్బాల మీది ఎర్ర బల్బు వెలగడం చూశారు. సఫియక్క వస్తుందని చూశారు. పది నిమిషాలైనా రాలేదు. ఒక్కొక్కరూ తనలో తానే అనుకున్నారు: పాపం, ఆయనకు బాగలేనట్టుంది, ఇయ్యాల నాది నేనే ఒత్తుకుంటే ఆమెకు ఒక బటన్ తప్పుతది. ఒక్కటే గదా. ఎవరికి వారు తమ ఒక్క బటన్ ఒత్తారు. పద్నాలుగు మంది మంచితనం ఒక్క నిమిషంలో లేచింది.

ఢబ్బుమన్న శబ్దం కాలువ అవతలికి కూడా వినిపించింది. కాలిన నూనె వాసన. తర్వాత ఇంట్లో బుస ఆగిపోయింది.

ట్రాన్స్‌ఫార్మర్‌ను షెడ్డుకు తీసుకుపోవడానికి టీక్యా ట్రాక్టరు తెచ్చాడు. సఫియా ఇంటి ముందు నిలబడి అరుస్తోంది. మాటలు లేవు, ఉత్త అరుపు. అంబులెన్సుకు ఫోను చేస్తే గంట పడుతుందన్నారు. టీక్యా ట్రాన్స్‌ఫార్మర్ వైపు చూశాడు, ఇంటి వైపు చూశాడు. ట్రాక్టరు ఇంటి వైపు తిప్పాడు. ట్రాన్స్‌ఫార్మర్ కోసం పరిచిన గడ్డి మీదనే ఖదీర్‌ను పడుకోబెట్టారు. కట్టయ్య అతని తల ఒళ్లో పెట్టుకుని దారి పొడుగునా తువ్వాలతో విసిరాడు. మానుకోట దాకా.

ఖదీర్ బతికాడు. పదకొండు రోజులకు ఇంటికి వచ్చాడు. ఈసారి డాక్టరు పదహారు గంటలన్న మాట తీసేశాడు. ఇరవై నాలుగు గంటలూ మిషను మీదే ఉండాలి. దాంతో మిషను ఒక్కటే రెండు వందల యూనిట్లు దాటింది. సున్నా బిల్లు ఆ నెలతో ముగిసింది. గోడ మీద సుద్ద గీతలు కూడా ఏప్రిల్ దగ్గర ఆగిపోయాయి. గీసి ప్రయోజనం లేదు.

ట్రాక్టరు దవాఖానకు పోవడం వల్ల ట్రాన్స్‌ఫార్మర్ షెడ్డుకు ఒకరోజు ఆలస్యంగా చేరింది. వరుసలో వెనక పడింది. ఆరు రోజులు పట్టింది. పాలు పోసుకుంటున్న గింజ తాలైపోయింది. కొందరికి సగం, కొందరికి అంతకంటే ఎక్కువ.

ఎవరూ గొడవకు రాలేదు. ఒక్కొక్కరే వచ్చారు. ఖదీర్ ఎట్లున్నడని అడిగారు, అరటిపండ్లు తెచ్చారు, పోయేటప్పుడు గడపలో ఆగారు. "అక్కా, గా డబ్బా..." ఏడు రంగుల గుడ్డలు సంచిలోంచి వెళ్లిపోయాయి. టీక్యా మాత్రం రాలేదు. కట్టయ్య రాలేదు. ఇంకో ఐదుగురు రాలేదు.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ జూన్‌లో ఎక్కింది. ఊరికి. కాలువ ఇవతలికి ఇంకో మూడు స్తంభాలు కావాలి, అవి అంచనాలో లేవు. వచ్చే విడతలో పెడతామన్నారు. సాయంత్రమైతే కాలువ అవతల కొత్త దీపాలు తెల్లగా వెలుగుతాయి. వాటి నీడలు నీళ్లలో ఇవతలి ఒడ్డు దాకా వచ్చి ఆగుతాయి.

ఏడు ఆటో స్టార్టర్లు బిగించాక హన్మంత్ వచ్చి పాత ట్రాన్స్‌ఫార్మర్ కింద చాలాసేపు నిలబడి చూశాడు.

"ఏడు ఒక్కసారి లేస్తే మూలుగుతది గానీ మోస్తది అక్కా," అన్నాడు. "ఎనిమిదోది లేస్తే నేనేం చెప్పలేను."

అప్పటి నుంచి కరెంటు వచ్చినప్పుడు ఏడు మోటార్లు వాటంతట అవే లేస్తాయి. సఫియా గోడకు చెవి ఆనించి ఆ మూలుగు వింటుంది. అది సర్దుకున్నాక తన ఏడు బటన్ల కోసం బయల్దేరుతుంది.

ఆమె ఇది చెప్తుండగానే కరెంటు పోయింది. ఆగస్టు చివర, వానలు ముఖం చాటేసిన మధ్యాహ్నం. గుర్రు దిగజారుతూ దిగజారుతూ ఆగింది. మాట మధ్యలోనే ఆమె లేచింది. సిలిండర్ తల మీద పానా పెట్టి తిప్పింది, గొట్టం మార్చింది, ఖదీర్ వేలు చూసింది. ఊపిరి తీసినంత సేపట్లో అన్నీ అయిపోయాయి. తర్వాత వచ్చి మళ్లీ కుట్టుమిషను దగ్గర కూర్చుంది. పెడలు మీద కాలు పెట్టింది కానీ తొక్కలేదు. తోడు శబ్దం లేదు.

ఆ నిశ్శబ్దంలో బయట కర్ర చప్పుడు. కట్టయ్య వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. తల మీది తువ్వాల తీసి మోకాళ్ల మీద పరుచుకున్నాడు.

"ఎట్లున్నడు బిడ్డా మా ఖదీరు?"

"గట్లనే ఉన్నడు బాపు. చాయి తాగుతవా?"

"చాయొద్దు." కర్ర గోడకు ఆనించి, "తాగుత తియ్యి," అన్నాడు.

చాయ్ వచ్చింది. కప్పులో సగం చల్లారింది. అతను కాలువ వైపే చూస్తున్నాడు.

"మిరప నారు వాడింది బిడ్డా."

సఫియా కుట్టుతున్న జాకెట్ ముక్క చేతిలోకి తీసుకుంది.

"నిన్న మూడుసార్లు పోయింది కరెంటు. నువ్వు నా మోటారు కాడికి వచ్చేటాలకే మళ్ల పోతాంది. మూడుసార్లు నాదాక రానే లేదు. నీ తప్పు గాదు. నాది ఆఖరుది, గంతే. నేనే పోయి ఒత్తుకుందామంటే గీ కాళ్లతోని గంత దూరం అందుకోలేను."

"ఇగ నీదే ముందు ఒత్తుత బాపు. రేపటి సంది నీ కాడికే ముందొస్త."

"అప్పుడు టీక్యాది ఆఖరైతది. రెండు దినాలకు వాడొచ్చి గీ అరుగు మీదనే కూసుంటడు. వాడు గాకుంటె ఇంకోడు. ఎవడో ఒకడు ఆఖరోడే గద బిడ్డా."

సఫియా చేతిలో జాకెట్ ముక్క నలుగుతోంది. "బాపు," అంది. "నీది ఎనిమిదోది."

"ఎరుకే."

"హన్మంత్ చెప్పింది ఎరుకేనా?"

"ఎరుకే బిడ్డా. నాలుగు దినాల సంది గదే తలకాయల తిరుగుతాంది. నారు పోతే ఈ ఏడు పంట లేదు. నాకు యాదమ్మ గూడ లేదు, కూలికి పోయి తెచ్చిపెట్టెటందుకు."

లోపలి నుంచి ఖదీర్ గొంతు, నీళ్ల అడుగునుంచి వచ్చినట్టు: "ఇచ్చెయ్... సఫియా. నా తల... ఆయన ఒళ్లె పెట్టుకున్నడు."

ఆమె లేచి సంచి దింపింది. చేయి పెట్టి చూడకుండానే తీసింది. ఆకుపచ్చ మీద పసుపు చుక్కలు. ముడి విప్పబోయి విప్పలేదు, గుడ్డతో సహా అతని తువ్వాలలో పెట్టింది.

"గుడ్డ మీ యాదమ్మదే. ఉంచుకో."

కట్టయ్య ఆ చుక్కల మీద బొటనవేలు పెట్టి అట్లాగే ఉండిపోయాడు. తువ్వాల నాలుగు కొసలూ మడిచి, లేచి, కర్ర అందుకున్నాడు. ఆమె ముఖం చూడలేదు.

"రేపు పొద్దుగాల బిగిస్త. ఇయ్యాలకు నువ్వే ఒత్తు బిడ్డా."

అతను ఇంకా గట్టు దాకా పోనేలేదు. మీటరు మీద ఎర్ర చుక్క వెలిగింది. ఆక్సిజన్ మిషను ఒకసారి కీచుమని, గుర్రుమంది. సఫియా సిలిండర్ మూసింది, గొట్టం మార్చింది. తర్వాత గోడకు చెవి ఆనించి నిలబడింది. పొలాల్లో ఏడు మోటార్లు ఒక్కసారిగా లేచిన మూలుగు గోడలోంచి, నేలలోంచి, మంచం కోళ్లలోంచి వచ్చింది. ఇంటి బల్బు ఎర్రబడి, చచ్చేంతగా కుంగి, మెల్లగా తేరుకుంది.

ఆమె ఖదీర్ చేతిని అతని ఛాతీ మీద పెట్టి, కుచ్చిళ్లు బిగించి, చెప్పులేసుకుంది. గడప దాటి, మళ్లీ వెనక్కి తిరిగి, పానా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"అన్నా, మీరు జర ఆయన కాడ కూసోండ్రి. మిషన్ మోత ఆగితే గొట్టం సిలిండర్‌కు మార్చి, గీ పానాతోని ఎడమకు తిప్పండ్రి, సగం తిప్పితే చాలు. పెదవులు నల్లబడితే గూడ నన్ను పిలువకుండ్రి. నేనురికొచ్చినా చేసేది గంతే. మధ్యల నుంచి వస్తే నా ఏడు నిలువయి, మిగిలినోళ్లు గూడ డబ్బాలు అడుగుతరు. ఇయ్యాలటికైతే ఆటోలు ఏడే అన్నా. ఏడు మోస్తది."